తీరికగా సాగే ఖరీదైన ప్రయాణం: ఎవరితో ప్లాన్ చేయించుకోవాలి, ఏ పద్ధతి ఎంచుకోవాలి

పది రాత్రుల ప్రయాణానికి రెండు ప్లాన్లు మీ చేతికి వచ్చాయనుకోండి. ఒకదాంట్లో ఐదు ఊళ్లు, ఐదు పేరున్న హోటళ్లు. రెండోదాంట్లో రెండే ఊళ్లు, హోటళ్లు కూడా కాస్త చిన్నవే. ఖర్చు మాత్రం ఇంచుమించు ఒకటే. కాగితం మీద చూస్తే మొదటిదే గిట్టుబాటుగా కనిపిస్తుంది. అదే ప్లాన్‌ను గంటల్లోకి మార్చి చూడండి.

ఒక హోటల్ ఖాళీ చేసి ఇంకో హోటల్‌లో దిగడమంటే, సామాను సర్దడానికి గంట, బిల్లు చూసుకుని బయటపడడానికి అరగంట, మూడు గంటల కారు దారి ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు, కొత్త గది తాళం చేతికొచ్చి పెట్టెలు విప్పుకునేసరికి మరో గంట. మొత్తం ఆరున్నర. ఐదు ఊళ్ల ప్లాన్‌లో ఇలాంటి మార్పులు నాలుగు, అంటే 26 గంటలు. మనిషి రోజుకి 15 గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే, పది రాత్రుల ప్రయాణంలో దాదాపు రెండు పగళ్లు పెట్టెల మధ్యే గడిచిపోతాయి. రెండు ఊళ్ల ప్లాన్‌లో పోయేది ఒక్క పూట.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. రెండో రోజు దారులు తెలియవు. మూడో రోజు ఉదయానికి గానీ ఏ వీధి చివర నీడ ఉంటుందో, ఏ గంటకి జనం పలచబడతారో అర్థం కాదు. అందుకే ఎక్కడైనా కనీసం మూడు రాత్రులు, వీలైతే నాలుగు ఉండాలని మా పట్టుదల. ఒక్క రాత్రి బసకి అర్థం ఉండేది రైలు, పడవ, కాలినడక లాంటి ప్రయాణాల్లోనే, అంటే కదలడమే అసలు పని అయినప్పుడు. ప్లాన్ గీసేవాళ్లు ఎవరైనా సరే, కొత్తవి ఎన్ని చేర్చారన్నది కాదు, ఏమేం తీసేయగలిగారన్నదే వాళ్ల పనితనానికి కొలత.

డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ముందు అడగండి

ట్రావెల్ డిజైనర్, ట్రావెల్ అడ్వైజర్, టూర్ ఆపరేటర్, కన్సియర్జ్... బోర్డు మీద ఏ పేరైనా రాసుకోవచ్చు. వాళ్ల మధ్య అసలు తేడా తేలాలంటే ఒక్క ప్రశ్న చాలు: మీకు డబ్బు ఎవరిస్తారు?

అడ్వైజర్‌కి ఇచ్చేది చాలావరకు హోటలే. మీరు బస ముగించుకుని వెళ్లాక గది అద్దెలో సాధారణంగా పది శాతం దాకా కమిషన్ పంపుతుంది. మీరు నేరుగా బుక్ చేసుకున్నా మామూలుగా అదే రేటు, కాబట్టి అడ్వైజర్ ద్వారా వెళ్లడం వల్ల మీకు అదనపు ఖర్చు పడదు. పైగా వర్చువోసో లాంటి నెట్‌వర్కుల్లో ఉన్న అడ్వైజర్ బుక్ చేస్తే రోజూ బ్రేక్‌ఫస్ట్, గది ఖాళీ ఉంటే ఒక మెట్టు పై గది, హోటల్లో వాడుకోవడానికి కొంత క్రెడిట్ లాంటివి కొసరుగా వస్తాయి. ‘ఖాళీ ఉంటే’ అన్న మాటను మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పీక్ సీజన్‌లో పై గదీ, ఆలస్యంగా చెకౌటూ దొరుకుతాయన్న ఆశతో కింది రకం గది తీసుకుంటే చివరికి ఆ గదిలోనే ఉంటారు.

ఈ పద్ధతిలో లోపం కమిషన్ లేనిచోట బయటపడుతుంది. ఆరు గదుల కుటుంబ వసతి గృహం, నెలకి అద్దెకిచ్చే పాత ఇల్లు, మామూలు ప్యాసింజర్ రైలు వంటివి అడ్వైజర్‌కి ఏమీ ఇవ్వవు, అందుకని ప్లాన్‌లో కనిపించవు. ‘ఈ ప్లాన్‌లో మీకు కమిషన్ రానిది ఏముంది?’ అని నేరుగా అడగండి. మంచివాళ్లు నొచ్చుకోకుండా రెండు మూడు చూపిస్తారు. ప్లానింగ్ ఫీజు విడిగా తీసుకునేవాళ్లకి ఈ విషయంలో కొంత స్వేచ్ఛ ఉంటుంది. ఫీజు అనగానే వెనకాడేవాళ్లు ఎక్కువ గానీ, మా లెక్కలో ఫీజు కట్టడమే మేలు. కట్టేముందు మాత్రం మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: బుక్ చేస్తే ఆ ఫీజు బిల్లులో తగ్గుతుందా, ఎన్నిసార్లు మార్చి ఇస్తారు, మీకు నచ్చకపోతే ప్లాన్ కాగితం మీ సొంతమవుతుందా, వాళ్లదేనా.

టూర్ ఆపరేటర్ దారి వేరు. హోటళ్ల దగ్గర, కార్ల దగ్గర టోకు రేటుకి కొని, తన లాభం కలిపి మీకు ఒకే మొత్తం చెబుతాడు. విడివిడిగా లెక్క చూపించడు, చూపించమని పట్టుబట్టినా పెద్దగా ఫలితం ఉండదు. బదులుగా మీకు దక్కేది ఒకే కాంట్రాక్టు, ఏది తేడా వచ్చినా జవాబు చెప్పే ఒకే సంస్థ. యూరోపియన్ యూనియన్‌లో 2015 నాటి ప్యాకేజీ ట్రావెల్ డైరెక్టివ్ దీన్ని చట్టం చేసింది: రెండు రకాల సేవలు కలిపి అమ్మినవాళ్లే మొత్తం ప్రయాణానికి బాధ్యులు, తాము దివాలా తీస్తే కస్టమర్ల డబ్బుకి రక్షణ కూడా ముందే ఏర్పాటు చేసి ఉండాలి. బ్రిటన్‌లో విమానంతో కూడిన ప్యాకేజీలకి అటాల్ అనే రక్షణ ఉంది. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ కుప్పకూలినప్పుడు విదేశాల్లో చిక్కుకుపోయిన లక్షన్నర మంది దాకా బ్రిటన్ ప్రయాణికులను ప్రభుత్వమే విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. అటాల్ ప్యాకేజీలు కొన్నవాళ్లకి డబ్బు కూడా తిరిగొచ్చింది. కాబట్టి లక్షలు చేతులు మారే ముందు, మీరు కట్టే డబ్బు ప్రయాణం అయ్యేదాకా ట్రస్ట్ ఖాతాలో ఉంటుందా, కంపెనీ రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతుందా అని అడగండి. ‘మా పేరు చూసి నమ్మండి’ అన్న జవాబుని జవాబుగా లెక్కపెట్టొద్దు.

వీళ్లిద్దరి వెనకా మూడో మనిషి ఉంటాడు. గమ్యస్థానంలోనే ఉండే గ్రౌండ్ ఆపరేటర్, ఈ రంగంలో అందరూ డీఎంసీ అంటారు. విమానాశ్రయంలో మీ పేరు పట్టుకుని నిలబడేది, గైడ్‌ని ఎంచేది, రోడ్డు మూసేస్తే రాత్రికి రాత్రే దారి మార్చేది ఇతనే. పైన అమ్మే బ్రాండు ఏదైనా కింద పనిచేసే డీఎంసీ ఒకటే కావడం మామూలు సంగతి. మరి నేరుగా అతని దగ్గరికే వెళ్తే? ఒకే దేశం, భాష ఇబ్బంది లేదు, మీకు సమయం ఉంది అనుకుంటే వెళ్లొచ్చు. ధర తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు. ఏజెంట్లకి పోటీ కాకూడదని నేరుగా వచ్చేవాళ్లకి పూర్తి రేటే చెప్పేవాళ్లున్నారు, అసలు అమ్మనివాళ్లూ ఉన్నారు. వివాదం వస్తే అది ఆ దేశపు చట్టం కిందికి పోతుంది. బ్యాంకు ద్వారా వైర్ చేసిన డబ్బుకి, కార్డుకి ఉన్నట్టు, వెనక్కి రప్పించుకునే సౌకర్యం ఉండదు. రెండు మూడు దేశాలు కలిపిన ప్రయాణమైతే ఇంకో చిక్కు. ఒక డీఎంసీ పని సరిహద్దు ఇవతల ఆగిపోతుంది, అవతలివాడిది మర్నాడు మొదలవుతుంది. మధ్యలో విమానం రద్దయిన ఆ పూటకి ఎవరూ పూచీ ఉండరు. అలాంటి ప్రయాణానికి పైన ఒక మనిషిని పెట్టుకోవడమే తెలివైన పని.

క్రెడిట్ కార్డు కన్సియర్జ్‌ల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. మీరు కోరినది తెచ్చి పెడతారు. ఏం కోరాలో చెప్పడం వాళ్ల పని కాదు.

సొంతంగా ప్లాన్ చేసుకునేవాళ్లు పొరపాటు పడేది హోటళ్ల దగ్గర కాదు, టికెట్ల దగ్గర. రెండు విమానాలు వేర్వేరు టికెట్ల మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు, మీరు రాలేదని రాసుకుంటుంది. కనెక్షన్ ఉన్నచోట ఒకే టికెట్ తీసుకోండి. కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి ఆగండి.

మొదటి ఫోన్ కాల్‌లోనే తెలిసిపోతుంది

బడ్జెట్ ఎంత, ఎన్ని రోజులు, ఏ ఊళ్లు అని మాత్రమే అడిగేవాళ్లు గదులు అమ్ముతున్నారు. ప్రయాణం గీసేవాళ్ల, అంటే డిజైనర్ల, ప్రశ్నలు ఇంకోలా ఉంటాయి. ఎన్నింటికి నిద్ర లేస్తారు? ఇద్దరిలో ఎవరు త్వరగా అలసిపోతారు? కిందటి ప్రయాణంలో ఏ రోజు వృథా అయిందనిపించింది? మెట్లు ఎన్ని ఎక్కగలరు? వర్షం పడితే గదిలో హాయిగా ఉండగలరా, విసుగొస్తుందా? నాలుగు గంటలు గైడ్ పక్కనే ఉంటే మీకు ఇష్టమా, భారమా?

చివరి ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పది రోజులూ పక్కన గైడ్ ఉండడం గౌరవంగా అనిపిస్తుంది గానీ, ఎడతెగకుండా మాట్లాడే మనిషి పక్కనుంటే మూడో రోజుకే మొహం మొత్తుతుంది. గైడ్‌ని పూట లెక్కన పెట్టుకోవడం, వరసగా రెండు రోజులు మించకుండా చూసుకోవడం మంచిది. ఇది డిజైనరే చెబితే అతనికి పని తెలుసన్నమాట, ఎందుకంటే గైడ్ రోజులు తగ్గితే అతని బిల్లూ తగ్గుతుంది.

మీరు తిరిగి అడగాల్సినవి రెండు. ఆ చోటికి మీలో ఎవరు, ఏ నెలలో, చివరిసారి ఎప్పుడు వెళ్లొచ్చారు? ఈ ప్లాన్‌లో ఒకటి తీసేయమంటే ఏది తీసేస్తారు? రెండోదానికి తడుముకోకుండా జవాబొస్తే నమ్మొచ్చు. ‘అన్నీ ముఖ్యమే’ అంటే ఆ కాగితం ఎవరికైనా ఇచ్చేదే.

ఏ రకం ప్రయాణం ఎవరికి

ఒకే ఇంట్లో రెండు వారాలు ఉండడం అన్నిటికన్నా నిదానమైనది, డిజైనర్ అవసరం అన్నిటికన్నా తక్కువైనది. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి వెళ్తే దీన్ని మించింది లేదు. ఇక్కడ చూసుకోవాల్సినవి ఇంటి ఫొటోలు కాదు. మనుషుల సంఖ్యకి సరిపడా బాత్‌రూములున్నాయా, గదులన్నీ ఒకే అంతస్తులో ఉన్నాయా, ఈతకొలనుకి కంచె ఉందా, శుభ్రం చేసేవాళ్లు రోజూ వస్తారా, వారానికోసారి వస్తారా, అన్నిటికీ మించి కారు లేకుండా నడిచి వెళ్లగలిగే దూరంలో ఏదైనా ఉందా? కొండ మీద ఒంటరి ఇల్లు ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. నాలుగో రోజుకి ప్రతి చిన్న అవసరానికీ అరగంట కారు నడపాల్సి వచ్చినప్పుడు ఆ ఇల్లే బందీఖానా అవుతుంది. చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారం లెక్కన ఇస్తారు కాబట్టి విమానం టికెట్ల కంటే ముందు ఇంటి తేదీలు ఖాయం చేసుకోవాలి.

లగ్జరీ రైలు ఎక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. యూరప్‌లో నడిచే వెనిస్ సింప్లాన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ బోగీలు 1920, 30ల నాటివి. అందులోని పాతకాలపు క్యాబిన్లలో షవర్ ఉండదు. వాష్‌బేసిన్ మాత్రం ఉంటుంది, టాయిలెట్ బోగీ చివర అందరికీ కలిపి. సొంత బాత్‌రూమ్ కావాలంటే సూట్ గానీ గ్రాండ్ సూట్ గానీ తీసుకోవాలి. అక్కడ అమ్మేది పాత చెక్కపని, ఆనాటి వాతావరణం, సౌకర్యం తర్వాతి మాట. అది తెలిసి ఎక్కితే ఆనందం, తెలియకపోతే రాత్రంతా సణుగుడు. దక్షిణాఫ్రికాలో నడిచే రోవోస్ రైల్ దీనికి భిన్నం. ప్రతి సూట్‌కీ సొంత షవర్ ఉంటుంది, రైలు మొత్తానికి ప్రయాణికులు 72 మందికి మించరు, వేగం గంటకి 60 కిలోమీటర్లు దాటదు, టీవీలూ రేడియోలూ పెట్టరు. ఈ రెండు రైళ్లలో ఏది ‘మెరుగు’ అని అడిగితే జవాబు లేదు. ఒక్క రాత్రి వేడుక కావాలంటే మొదటిది, కిటికీ పక్కన కూర్చుని భూమి మారడం చూడాలంటే రెండోది. ఇలాంటి రైళ్లు మామూలు రైళ్లు తిరిగే పట్టాల మీదే నడుస్తాయి, దారిచ్చేదాకా ఆగాలి, గంటల తరబడి ఆలస్యమూ అవుతాయి. దిగిన రోజే విమానం పెట్టుకోకండి.

కాలువల మీద పడవ హోటల్ గురించి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లు మళ్లీ మళ్లీ వెళ్తారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కెనాల్ ద్యు మిది 1681లో పూర్తయింది, పొడవు 240 కిలోమీటర్లు, 1996 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాని మీద వేగ పరిమితి గంటకి 8 కిలోమీటర్లు. గట్టు వెంట సైకిల్ తొక్కేవాళ్లు పడవను దాటి వెళ్లిపోయి, తర్వాతి లాకు గేటు దగ్గర కూర్చుని దానికోసం ఎదురుచూస్తారు. ఇలాంటి పడవల్లో పన్నెండు మందికి మించి అతిథులు ఉండడం అరుదు. కాబట్టి ఎంపిక పడవది కాదు, తోటివాళ్లది. అపరిచితులైన పదిమందితో ఆరు రాత్రులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మొత్తం పడవని స్నేహితులతో కలిసి తీసుకోగలిగితే అన్నిటికన్నా మంచిది. చలికాలంలో మరమ్మతులకి కాలువ మూసేస్తారు. వేసవిలో నీళ్లు తగ్గితే దారి మార్చే అవకాశం ఉంటుంది, ఆ షరతు కాంట్రాక్టులో ఎలా రాశారో చూడండి.

చిన్న ఓడల్లో అంకెలే అసలు కథ చెబుతాయి. అంటార్కిటికాలో ఒక దిగే చోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదు. 500 మందికి మించిన ప్రయాణికులున్న ఓడలు అసలు మనుషులను దించవు. ఈ నియమం ప్రకారం చూస్తే వందమంది ఎక్కే ఓడలో మీరు మొత్తం సమయం ఒడ్డున గడపొచ్చు. 200 మంది ఓడలో సగం సమయం మీ వంతు కోసం ఎదురుచూపు, 400 మంది ఓడలో వంతు పావుకి పడిపోతుంది. క్యాబిన్ ఎంత విశాలంగా ఉందన్నదానికంటే ఈ ఒక్క భాగహారం ముఖ్యం. గాలాపగోస్‌లో ఓడకి వందమంది పరిమితి, గైడ్‌కి 16 మంది పరిమితి చట్టంలోనే ఉన్నాయి. పైగా ఒక ఓడ వెళ్లిన చోటికి పద్నాలుగు రోజుల లోపు మళ్లీ వెళ్లకూడదు. అంటే ఒకే ఓడ ఈ వారం తిరిగే దీవులు వేరు, వచ్చే వారం తిరిగే దీవులు వేరు. ఓడ పేరు చూసి కాకుండా ఆ వారపు మార్గం చూసి బుక్ చేయాలి. ఇక్కడే మంచి అడ్వైజర్ తన కమిషన్‌కి న్యాయం చేసేది.

సఫారీకి మాత్రం డీఎంసీ లేకుండా వెళ్లొద్దు. బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాలో క్యాంపు నుంచి క్యాంపుకి చిన్న విమానాలే దారి. వాటిలో చేతి బ్యాగుతో సహా మనిషికి 20 కిలోలే అనుమతిస్తారు, అదీ మెత్తటి బ్యాగులోనే, చక్రాల గట్టి సూట్‌కేసు సామాను అరలో పట్టదు. ఒకే కంపెనీ క్యాంపులు మూడు వరసగా పెట్టిన ప్లాన్ వస్తే ఆపరేటర్‌కి తగ్గింపు దొరికిందని అర్థం. ఆ తగ్గింపు మీకూ వస్తే, మూడూ వేర్వేరు రకం నేల మీద ఉంటే తప్పేం లేదు. మూడూ ఒకేలాంటి నీటి ఒడ్డున ఉంటే ఒకటి తీసేసి మిగతా రెండింట్లో నాలుగేసి రాత్రులు ఉండండి. అలాగే జీపు మీకొక్కరికేనా, ఆరుగురితో పంచుకోవాలా అన్నది గది కన్నా ముందు తేల్చుకోవాలి. ఒక పక్షి కోసం గంటసేపు కదలకుండా ఆగాలని మీకుంటుంది, సింహం కోసం పరుగెత్తాలని పక్కవాళ్లకుంటుంది.

కాలినడకలో లగ్జరీ అంటే మీ సామాను మీకంటే ముందు చేరడం. రోజువారీ దూరం సరిగ్గా వేశారో లేదో మీరే సరిచూసుకోవచ్చు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 16 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న రోజుకి మూడు గంటల పన్నెండు నిమిషాలు, దానికి గంటన్నర కలిపితే దాదాపు నాలుగు గంటల ముప్పావు. ఇది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. తీరిక ప్రయాణానికి దీని మీద సగం కలపండి, అంటే ఏడు గంటలు. కాగితం మీద ‘హాయిగా ఐదు గంటల నడక’ అని రాసి ఉంటే, రాసిన మనిషి ఆ దారి నడవలేదు. పెరూలోని ఇంకా ట్రైల్ లాంటి చోట్ల మరో జాగ్రత్త. పోర్టర్లు, గైడ్లతో కలిపి రోజుకి 500 మందికే అనుమతి, ఫిబ్రవరి నెలంతా మూసేస్తారు, పర్మిట్ మీ పాస్‌పోర్టు వివరాలతో వస్తుంది, వేరొకరికి బదిలీ కాదు.

‘అర్థవంతమైన అనుభవం’ అన్న మాటని ఎలా తూకం వేయాలి

ప్రతి బ్రోచర్‌లోనూ ఈ మాట ఉంటుంది. వెనక ఏముందో తెలియాలంటే మూడు సంగతులు చాలు: ఎంతసేపు, ఎంతమంది, అవతలి మనిషికి వద్దనే హక్కు ఉందా.

పర్వత గొరిల్లాల సందర్శన దీనికి మంచి ఉదాహరణ. మామూలు పర్మిట్ మీద ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకి ఎనిమిది మందే వెళ్లొచ్చు, ఉండేది ఒకే గంట, పదిహేనేళ్లు నిండినవాళ్లకే అనుమతి. ఉగాండాలోని బ్విండి అడవిలో ఇంకో రకం పర్మిట్ ఉంది. మనుషులకి ఇంకా పూర్తిగా అలవాటు పడని కుటుంబం వెంట పరిశోధకులతో కలిసి వెళ్లడం, నలుగురే మనుషులు, నాలుగు గంటలు. ఖరీదు ఎక్కువ, నడక ఎక్కువ, ఫొటోలు బాగా వస్తాయన్న హామీ తక్కువ. మొదటిదాంట్లో ఆ గంట ఫొటోలు తియ్యడానికే సరిపోతుంది. రెండోదాంట్లో మొదటి గంట తర్వాత కెమెరా పక్కన పెట్టి, ఏ తల్లి ఏ పిల్లని వెనక్కి లాగుతోందో చూస్తారు. మోకాళ్లు బాగుంటే రెండోది, అనుమానం ఉంటే మొదటిది.

చేతిపనివాళ్ల దగ్గరికి వెళ్లడంలోనూ ఇదే కొలత. గంటసేపు వర్క్‌షాపు చూపించి, చివర్లో దుకాణంలో వదిలేస్తే అది అమ్మకం. అదే మనిషి దగ్గర వరసగా మూడు ఉదయాలు, రోజుకి రెండు గంటలు కూర్చుని ఒక వస్తువు మొదటి నుంచి చివరిదాకా చేయడం, చెడగొట్టడం, మళ్లీ చేయడం ఉంటే అది నేర్చుకోవడం. ఆ మనిషికి ఎంత చెల్లిస్తున్నారని డిజైనర్‌ని అడగండి. మొత్తం చెప్పకపోయినా, ఆ మనిషికి నేరుగా వెళ్తుందా, మీరు కొన్న వస్తువుల మీద కమిషన్ రూపంలో వస్తుందా అన్నది చెప్పాలి. రెండోదైతే మీరు కొనేదాకా ఆయన చూపు చేతిలో పని మీద ఉండదు.

బడులకీ అనాథాశ్రమాలకీ గంటసేపు తీసుకెళ్లే ప్లాన్ వస్తే తీసేయమనండి. పిల్లలు చూడదగ్గ స్థలాలు కాదు.

ప్లాన్ కాగితం చదవడం ఎలా

ఒక రోజు ఇలా వచ్చిందనుకుందాం: ‘ఉదయం 11కి చెకౌట్. కొండ మీది కోట సందర్శన. స్థానిక కళాకారుడితో ముఖాముఖి. మధ్యాహ్నం 3కి కొత్త హోటల్‌లో చెకిన్. సాయంత్రం విశ్రాంతి.’

చదవడానికి తీరికగానే ఉంది. ఇప్పుడు ఒక్కొక్క ముక్క పట్టుకుని చూద్దాం. 11 నుంచి 3 దాకా మీ సామాను ఎక్కడుంది? కార్లో ఉంటే డ్రైవర్ కారు దగ్గరే ఉంటాడా? కోటకి కారు ఎంతవరకు వెళ్తుంది, ఆ పైన మెట్లెన్ని, ఆ వారం ఆ రోజు తెరిచి ఉంటుందా? ఎండ నడినెత్తిన ఉన్న వేళకి కోట ఎందుకు పెట్టారు? చెకౌట్‌కీ చెకిన్‌కీ మధ్య ఉన్న నాలుగు గంటల ఖాళీ పూడ్చడానికి. అంటే కోట మీకోసం రాలేదు, గది తాళం కోసం వచ్చింది. దీనికి మందు తేలికే. కొత్త హోటల్‌లో ముందు రాత్రి నుంచే గది తీసుకోవడమో, ముందుగా దిగడానికి వీలు కల్పిస్తామని హోటల్ నుంచి రాతపూర్వకంగా తెప్పించడమో చేయాలి. కోటని మర్నాడు పొద్దున్నే పెట్టాలి.

‘సాయంత్రం విశ్రాంతి’ అన్నదాన్నీ నమ్మకండి. అలసిపోయాక మిగిలిన గంటలు విశ్రాంతి లెక్కలోకి రావు, అవి ఎలాగూ మంచం మీదే పోతాయి. నిజమైన ఖాళీ అంటే ఏమీ పెట్టని ఉదయం. ఇంకో మెలిక కూడా ఉంది. చాలా ప్లాన్లలో ‘ఖాళీ రోజు’ అంటే కారుకీ గైడ్‌కీ డబ్బు కట్టని రోజు. మీకు మధ్యాహ్నం ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే అప్పటికప్పుడు దొరకదు, దొరికినా తడిసి మోపెడవుతుంది. మంచి డిజైనర్ ఖాళీ రోజుకి కూడా నాలుగు గంటల కారు కట్టి ఉంచుతాడు, రెండు మూడు ఆలోచనలు చీటీ మీద రాసి ఇస్తాడు, వెళ్లినా వెళ్లకపోయినా పట్టించుకోడు. ఏడు రోజులకి ఇలాంటివి రెండు లేకపోతే ప్లాన్ వెనక్కి పంపండి.

డబ్బు, కాగితాలు

ఖాయం చేసేటప్పుడు సాధారణంగా మొత్తంలో 20 నుంచి 30 శాతం అడ్వాన్స్, మిగతాది బయల్దేరడానికి 60 నుంచి 90 రోజుల ముందు అడుగుతారు. ఓడలు, చిన్న క్యాంపులు ఇంకా ముందు అడగొచ్చు. రద్దు చేసుకుంటే పోయే మొత్తం తేదీ దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. ఇక్కడ అడగాల్సింది ఒకటే: మీ కోత హోటల్ కోతతో సమానమా, దానిమీద మీది అదనమా? రెండూ పట్టికగా రాయించి తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఇన్సూరెన్స్ చివర్లో కొనేది కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకి రక్షణ కావాలంటే, మొదటి అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల లోపే కొనాలని షరతు పెట్టే పాలసీలున్నాయి. మారుమూల చోట్లకి వెళ్తున్నప్పుడు ఆసుపత్రి ఖర్చు కన్నా, విమానంలో అక్కణ్నుంచి బయటికి తీసుకొచ్చే ఖర్చుకి పరిమితి ఎంతో చూడండి.

పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలలు చెల్లేలా, రెండు ఖాళీ పేజీలకి తగ్గకుండా ఉండాలి. నెలల తరబడి నిదానంగా తిరగాలనుకునేవాళ్లు షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లెక్క మరిచిపోతుంటారు. వీసా మీద వెళ్లినా, వీసా అవసరం లేకుండా వెళ్లినా, స్వల్పకాలిక బసకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే, అన్ని సభ్య దేశాలూ కలిపి. ఆఫ్రికాలో కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేయించుకున్న పదో రోజు నుంచి గానీ చెల్లదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది.

బయల్దేరడానికి రెండు వారాల ముందు తుది కాగితాలు వస్తాయి. ప్రతి వోచర్ మీదా గది రకం, మంచాల అమరిక, బ్రేక్‌ఫస్ట్ ఉందో లేదో, డ్రైవర్ ఫోన్ నంబరు ఉన్నాయో చూసుకోండి. ‘డీలక్స్ లేదా దానికి సమానమైన గది’ అని ఉంటే, ఆ ‘సమానమైన’ది ఏదో పేరుతో రాయించండి. చివరగా, వాళ్లిచ్చిన ఇరవై నాలుగు గంటల అత్యవసర నంబరుకి ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేయండి. తుది కాగితంలో ఏదో ఒక చిన్న సందేహం అడగండి. ఎత్తిన మనిషి దగ్గర మీ పేరు, మీ తేదీలు ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. లేకపోతే సరిచేయించుకోవడానికి ఇంకా వారానికి పైగా ఉంటుంది.